పత్తి ధూళిని పీల్చవలసింది యంత్రమా, కార్మికుడా?

అమ్రోలి (సూరత్): పత్తి మిల్లుల ధూళితో సూరత్ పేరుకు ఉన్న సంబంధం నూట అరవై ఏళ్ల నాటిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభమై పత్తి ఎగుమతులు స్తంభించడంతో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తిపై ఆధారపడవలసి వచ్చింది. పశ్చిమ భారతం నుంచి వెళ్లిన ఆ సరకును అక్కడ ‘సూరత్’ అనే వ్యవహరించేవారు. దాని పీచు పొట్టి. ఆకు పొట్టు, మట్టి అధికం. ఈ పత్తి మిల్లు కార్మికుల శరీరాలపై చూపుతున్న ప్రభావాన్ని గురించి జెస్సీ లీచ్ అనే వైద్యుడు 1863లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రాశారు.

నేడు తాపీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో మరమగ్గాల షెడ్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన వేలాది కార్మికులకు ఈ ప్రాంతమే ఆధారం. నదికి ఇవతల లింబాయత్ వంటి పేటలలో తెలంగాణ నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. అయితే సూరత్ మగ్గాలపై నేసేది అధికభాగం పాలియెస్టర్ వస్త్రమే. పత్తి ధూళి సమస్య మగ్గం కన్నా ముందు దశలలోనే తీవ్రంగా ఉంటుంది. గింజ నుంచి దూదిని వేరుచేసే జిన్నింగ్ మిల్లులు, నూలు వడికే మిల్లులు దానికి నెలవులు. ఈ మిల్లులు గుజరాత్‌లో ఎన్ని ఉన్నాయో, మన తెలుగు రాష్ట్రాలలోని ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాలలోనూ అంతటి ప్రాధాన్యం కలిగి ఉన్నాయి.

సెలవు మర్నాడు ఆయాసం

పత్తి ధూళి వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధిని బిసినోసిస్ అంటారు. దీని తొలి లక్షణం విచిత్రమైనది. వారాంతపు సెలవు ముగించుకుని పనిలోకి వచ్చిన మొదటి రోజున, కొద్ది గంటలు గడిచేసరికి ఛాతీ బిగబట్టినట్లవుతుంది. మర్నాటికి తగ్గిపోతుంది. అందుచేత కార్మికుడు దీనిని జలుబుగానో, అలసటగానో భావించి ఊరుకుంటాడు. కొన్నేళ్లకు బిగింపు వారమంతా ఉంటుంది. చివరకు పని మానివేసినా ఊపిరితిత్తుల శక్తి తిరిగిరాదు. తొలి దశలో ధూళికి దూరమైతే కోలుకునే అవకాశం ఉన్నందున, ఆరంభంలోనే గుర్తించడం ప్రధానమని వైద్యులు చెబుతున్నారు.

అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు ఆ నగరపు మిల్లులలో జరిపిన పరిశీలన 1989లో వెలువడింది. బేళ్లు విప్పి దూదిని శుభ్రపరిచే బ్లోరూములో పనిచేసేవారిలో దాదాపు 30 శాతం మందికి, దూదిని ఏకే కార్డింగ్ విభాగంలో దాదాపు 38 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. ఈ రెండూ మిల్లులో ధూళి అత్యధికంగా వెలువడే విభాగాలే కావడం గమనార్హం.

కంటికి కనిపించనిదే ప్రమాదం

మిల్లులో అడుగుపెట్టగానే కనిపించేది గాలిలో తేలే నూగు. చూడడానికి ఇబ్బందిగా ఉన్నా, అది ముక్కు, గొంతు వద్దనే చాలావరకు ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి అంతకంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైన కణాలు. పత్తితోపాటు వచ్చే ఆకు, తొడిమ ముక్కలు పొడి కావడం వల్ల ఇవి పుడతాయి. వాటిని అంటిపెట్టుకుని ఉండే బాక్టీరియా విషపదార్థాలే వ్యాధికి ముఖ్య కారణమని పరిశోధకుల అభిప్రాయం. అందువల్ల నేల శుభ్రంగా కనిపించినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

ధూళిని గాలితోపాటు పీల్చివేసే యంత్రాంగం ఆధునిక నూలు మిల్లులలో అనేక రూపాలలో ఉంది. బ్లోరూము, కార్డింగ్ యంత్రాలను మూతలతో కప్పి, లోపలి ధూళిని గొట్టాల ద్వారా ఫ్యాన్లు లాగుతాయి. ఆ గాలి తిరిగే డ్రమ్ము ఫిల్టర్ల గుండా వడపోతకు గురవుతుంది. రింగ్ ఫ్రేముల వద్ద తెగిన పోగులను సన్నని గొట్టాలు పీల్చుకుంటాయి. యంత్రాలపై అమర్చిన పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్లీనర్లు ఒకవైపు గాలి ఊదుతూ, మరోవైపు నేల వరకు వేలాడే గొట్టాలతో నూగును లాగుతాయి. ఇలా సేకరించిన దూదిలో పనికివచ్చే భాగాన్ని మిల్లులు తిరిగి అమ్ముకుంటాయి కూడా.

అయితే ఈ ఏర్పాట్లలో పలు పరికరాలు నూలు నాణ్యత కోసం, యంత్రాల రక్షణ కోసం రూపొందినవి. కార్మికుని ఊపిరికి మేలు జరగాలంటే పీల్చే గొట్టం మూతి ఎక్కడ ఉన్నదన్నదే కీలకం. ఊదిన గాలి చాలా దూరం పోతుంది. పీల్చే గాలికి ఆ శక్తి లేదు. గొట్టం వ్యాసమెంతో అంత దూరం జరిగితే చాలు, పీల్చే గాలి వేగం మూతి వద్ద ఉన్నదానిలో దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అంటే పైకప్పు వద్ద ఎంత పెద్ద ఫ్యాన్ బిగించినా, ధూళి కార్మికుని ముఖం మీదుగానే పైకి పోతుంది. యంత్రం వద్ద చిన్న గొట్టం అమర్చితే అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫిల్టర్లు పూడుకుపోయినా, గొట్టాలకు చిల్లులు పడినా ఈ ఏర్పాటు వృథాయే.

శుభ్రపరిచే పద్ధతి సైతం ముఖ్యమే. ఒత్తిడి గాలితో యంత్రాలపై నూగును ఊదివేయడం అనేక చోట్ల వాడుక. దీనివల్ల యంత్రం శుభ్రపడుతుంది కాని, నిలిచి ఉన్న ధూళి మళ్లీ గాలిలో కలుస్తుంది. దూలాలపై పేరుకున్న ధూళి అగ్నిప్రమాదాలకూ దారితీస్తుంది. 1987 మార్చి 15న చైనాలోని హార్బిన్ నార మిల్లులో ధూళి పేలి 58 మంది మరణించారు.

అమెరికా అనుభవం

అమెరికా ప్రభుత్వం 1978లో పత్తి ధూళిపై పరిమితి విధించింది. నూలు తయారీ విభాగాలలో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు మించరాదని నిర్దేశించింది. వీలున్న చోట ఒత్తిడి గాలితో ఊదడాన్ని నిషేధించింది. ఖర్చు భరించలేమంటూ మిల్లు యజమానులు న్యాయస్థానానికి వెళ్లారు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు నిబంధనను సమర్థించింది. అసలు ఖర్చు ముందు వేసిన అంచనాకన్నా తక్కువేనని తదుపరి సమీక్షలలో వెల్లడయింది. అయితే ఆ నిబంధన జిన్నింగ్ మిల్లులకు వర్తించదు.

చట్టానికి వెలుపల జిన్నింగ్

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్, ధూళిని తొలగించే పరికరాన్ని అది పుట్టే చోటికి సాధ్యమైనంత సమీపంలో అమర్చాలని స్పష్టంగా పేర్కొన్నది. బిసినోసిస్‌ను అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. అందులోని జాబితాలోనూ ఈ వ్యాధి ఉంది.

కాగా ఉద్యోగుల రాజ్య బీమా విషయం వేరు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. ఆ నిర్వచనంలో మొదట పేర్కొన్నది పత్తి జిన్నింగునే. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ సైతం ఈ మినహాయింపును కొనసాగించింది. నూలు మిల్లు కార్మికునికి అందే బీమా వైద్యం, పత్తిని అంతకుముందే శుభ్రపరిచిన సీజనల్ జిన్నింగ్ కూలీకి అందదు. సీజను ముగిసిన తరువాత ఆ కూలీ ఏ ఊరిలో దగ్గుతున్నాడో నమోదు చేసేవారూ ఉండరు.

2000 ఫిబ్రవరిలో కేంద్రం చేపట్టిన పత్తి సాంకేతిక మిషన్ కింద అనేక జిన్నింగ్ మిల్లులు ఆధునికీకరణకు నోచుకున్నాయి. తలపై మోసే పత్తిని గాలి గొట్టాలు జిన్ను వద్దకు చేర్చసాగాయి. దీని ముఖ్యోద్దేశం దూదిలో చెత్తను తగ్గించి మంచి ధర పొందడం. పత్తిని తరలించే గొట్టం, ధూళిని తొలగించే గొట్టం ఒకటి కావు. మొదటిది వచ్చిన చోట రెండవదీ వచ్చిందా, దాని మూతి జిన్ను పక్కనే ఉన్నదా, అది పీల్చిన గాలిని వడపోసిన తరువాతే బయటికి వదులుతున్నారా అన్నది తనిఖీ అధికారులు మిల్లువారీగా చూడవలసిన విషయం. గొట్టాన్ని ధూళి పుట్టే చోట పెట్టమన్న సూత్రమే బీమాకూ వర్తించాలి. అది కూడా ధూళి మొదట పుట్టే జిన్నింగ్ మిల్లు నుంచే మొదలుకావాలి.