దేవుణ్ణి నమ్మని పొరుగువారికి సువార్త

క్రైస్తవ విశ్వాసాన్ని ఇతరులకు చెప్పడాన్ని తెలుగు సంఘాల్లో సువార్త ప్రకటన అంటారు. తన బతుకులో వచ్చిన మార్పును నలుగురిలో చెప్పుకుంటే అది సాక్ష్యం. నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలో ఈ పని చాలావరకు వేరే దేవుళ్లను కొలిచేవారి మధ్యనే సాగింది. మొక్కు, పాపం, ప్రార్థన అంటే ఏమిటో తెలిసిన మనిషితో మాట కలపడం సులువు. ఏ దేవుడూ అక్కర్లేదనుకునే హేతువాదితోనో, దేవుడి ఊసే పట్టని కాలేజీ కుర్రాడితోనో మాట్లాడటం వేరే సంగతి. బైబిల్లో రాసి ఉందంటే అతనికి అది రుజువు కాదు.

ఇలాంటివారు ఎందరో లెక్క తేలదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మతం పేర్కొననివారు దాదాపు 29 లక్షలు. వీరంతా నాస్తికులు కారు. ఇంట్లో పండగ చేసుకుంటూ మనసులో ఏదీ నమ్మనివారు ఈ అంకెలోకి రానేరారు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు నెల్లూరు జిల్లాలోనిదే. ఈ జిల్లాకు మత ప్రచారంతో పాటు మతాన్ని నిలదీసిన చరిత్ర కూడా ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ల తరబడి అక్కడి పని నామమాత్రంగానే సాగింది. పెద్ద మలుపు 1876-78 కరువులో వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. కరువు సాయం సాగినన్నాళ్లు మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారు నాస్తికులు కారు, ఎక్కువమంది మాదిగలు. అయినా అన్నం పెట్టే చేతిని, బాప్తిస్మం ఇచ్చే చేతిని ఆయన వేరుగా ఉంచిన తీరు గమనించదగ్గది. నమ్మకం లేనివాడు మొదట అనుమానించేది అక్కడే.

కావలిలో కథ ఇంకోలా నడిచింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. మద్రాసు ప్రభుత్వం కావలిలో ఎరుకలవారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంటును బాప్టిస్టు మిషనుకు అప్పగించింది. శామ్యూల్ బాడెన్ దాన్ని చాలాకాలం నడిపాడు. ఈ చట్టం కింద ఉన్నవారు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, పొరుగూరికి వెళ్లాలంటే పాసు తీసుకోవాలి. సెటిల్‌మెంట్లలో బడులు, పనులు వచ్చాయి, చదువుకున్నవారూ ఉన్నారు, ఆ మేలును కాదనలేం. కానీ పాసు రాసిచ్చేవారే ప్రసంగమూ చేస్తే, వినేవాడికి కాదనే స్వేచ్ఛ ఎంత మిగులుతుంది? స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసింది.

సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన ఇలాంటిదే మరో సెటిల్‌మెంటు స్టూవర్టుపురంలోకి 1970ల్లో మరో రకం మనుషులు వెళ్లారు. గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడకు మారింది. ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత ఏ మతమూ బోధించకుండా నేరం మానిన కుటుంబాలకు అండగా నిలిచారు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రీస్తును కావ్యనాయకుణ్ణి చేసిన కవి బిడ్డ 1960లో నాస్తికుల ఇంటి కోడలైంది.

ప్రసంగాల్లో తరచూ వినిపించే ఒక వాదం ఇక్కడ నిలవదు. దేవుడు లేకపోతే నీతి ఎక్కడిదని అడిగితే, నమ్మనివాడు హేమలతను చూపిస్తాడు. ఆ మాటకు జవాబు లేదు, ఉండాల్సిన పనీ లేదు. నాస్తికుడి మంచితనాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే అతనితో అసలు మాట మొదలవుతుంది. మొదలుపెట్టడానికి యేసు జీవితం ఉంది. సుంకరులతో కలిసి భోంచేయడం, కుష్ఠరోగిని ముట్టుకోవడం, శిష్యుల కాళ్లు కడగడం, దేవుడి సంగతి తేల్చుకోనివాడు కూడా వినగలిగినవే. ఆ యేసు ఎవరన్న ప్రశ్న వెనకనే వస్తుంది. పునరుత్థానం దగ్గర మాత్రం విశ్వాసి దాపరికం లేకుండా తన నమ్మకం చెప్పాలి. దాన్ని నీతికథగా తగ్గించి చెప్పడం ఎదుటివాణ్ణి మోసగించడమే.

ఈ పద్ధతి కొత్తది కాదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో పౌలు ఏథెన్సువారి ముందు యూదుల లేఖనాలు ఎత్తలేదు, గ్రీకు కవుల మాటలే ఎత్తాడు. విన్నవారిలో కొందరు నవ్వారు, కొందరు మళ్లీ వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు. పేతురు మొదటి పత్రిక, నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమంటుంది. మైకు పెట్టి వీధంతా వినిపించే కూటంలో అడిగేవాడికి చోటు తక్కువ. టీ కొట్టు దగ్గర, హాస్టల్ గదిలో, ఆసుపత్రి వరండాలో ఆ చోటు దొరుకుతుంది.

రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. నమ్మనివాడికి తన అపనమ్మకాన్ని చెప్పుకునే స్వేచ్ఛ కూడా అంతే ఉంది.

ఇక సంఘపెద్దలు ఎక్కువగా పట్టించుకోనిది తమ ఇళ్లలోని యువతను. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ, క్రిస్మస్‌కు ఇంటికొచ్చి అమ్మ మనసు కష్టపెట్టలేక మందిరంలో కూర్చునే పిల్లలున్నారు. వారికి వాక్యం కొత్త కాదు, చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టినదే. బాధ ఎందుకుంది, సైన్సు చెప్పే సృష్టి సంగతేమిటి, సంఘంలో ఇంకా కులమెందుకు అన్నవి వారి ప్రశ్నలు. యవ్వనస్థుల కూటంలో ప్రసంగం కాస్త కుదించి ఆ ప్రశ్నలను పైకి అడగనిస్తే, వాటికి జవాబు వెతుక్కునే పని పెద్దలకూ పడుతుంది.