లైటు వెలుగుతూనే ఉంది, ఫోన్ మాత్రం తెగిపోతోంది!

ఆల్బర్టాలో చలికాలం రాత్రి ఎనిమిదైతే మన ఊళ్లో తెల్లారి ఎనిమిదిన్నర. ఇంటితో మాట్లాడుకునే వేళ అదే. మా క్యాంపు గదిలో సరిగ్గా ఆ వేళకే వైఫై డబ్బా మొరాయించడం మొదలైంది. గదిలో ఉండే వెల్డర్ అన్న వాళ్లమ్మకు ఆపరేషన్. డాక్టరు ఏమన్నాడో తమ్ముడు చెబుతుంటే ఫోన్ మూడుసార్లు తెగింది. "నెట్ కంపెనీవాళ్లే ముంచుతున్నారు, కొత్త డబ్బా కొందాం" అని నలుగురం డబ్బులు వేసుకోబోయాం. తీరా చూస్తే తప్పు కంపెనీదీ కాదు, డబ్బాదీ కాదు. గోడకు గుచ్చిన అడాప్టర్‌ది.

నెట్ పోగానే డబ్బా మీది లైట్లు చూడండి. పవర్ లైటు నిలకడగా ఉండి, ఇంటర్నెట్ లైటు ఒక్కటే పోతే లోపం బయట లైనులోనో సిగ్నల్‌లోనో ఉన్నట్టు. అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగితే డబ్బా దానంతటదే రీస్టార్ట్ అయినట్టు. ఆ సమయానికి మీరు డ్యూటీలో ఉంటే మరో దారి ఉంది. డబ్బా అడుగున అంటించిన చీటీ మీద 192.168.1.1 లాంటి అంకెలుంటాయి. వాటిని బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళితే చాలా మోడళ్లలో స్టేటస్ పేజీలో 'అప్‌టైమ్' కనిపిస్తుంది. ఎవరూ ఆపకుండానే అది పది నిమిషాలని చూపిస్తే ముందు అడాప్టర్‌ను అనుమానించాలి.

గోడలోని 120 వోల్టులను 12 వోల్టుల డీసీగా మార్చడం అడాప్టర్ పని. లోపలి కెపాసిటర్లు వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతాయి. బేస్‌బోర్డ్ హీటర్ పక్కన పెడితే ఇంకా త్వరగా పోతాయి. అలాంటి అడాప్టర్ పగలు ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రి అందరూ ఒకేసారి వీడియో పెట్టేసరికి డబ్బాకు కరెంటు ఎక్కువ కావాలి, అప్పుడు వోల్టేజీ కూలబడుతుంది. మల్టీమీటర్ పెట్టి చూసిన మా ఎలక్ట్రీషియన్ కూడా "పన్నెండు చూపిస్తోంది, బాగానే ఉంది" అన్నాడు. ఏ బరువూ మోయనప్పుడు పన్నెండు చూపిస్తుంది మరి!

సరైన పరీక్ష వేరే అడాప్టర్ పెట్టి చూడడమే. వోల్టులు అవే ఉండాలి. ఆంపియర్లు అంతేగానీ అంతకంటే ఎక్కువగానీ ఉండాలి, తక్కువ పనికిరాదు. పిన్ లోపల ప్లస్సా మైనస్సా అని చూపే గుండ్రటి బొమ్మ కూడా కలవాలి. పిన్ పట్టింది కదా అని 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్ గుచ్చితే డబ్బా కాలిపోవచ్చు. అడాప్టర్ మార్చినా రీస్టార్ట్‌లు ఆగకపోతే అప్పుడు డబ్బాను అనుమానించండి.

ఊరి నుంచి తెచ్చుకున్న అడాప్టర్లతో ఇంకో చిక్కుంది. 'ఇన్‌పుట్ 100-240' అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. 220-240 అని మాత్రమే ఉంటే 120 వోల్టుల మీద సరిగా పనిచేయదు. మనం కొనే ప్లగ్ కన్వర్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. కొత్తది కొంటే సీఎస్ఏ లాంటి కెనడా భద్రతా గుర్తు చూసి కొనండి. పాతదాన్ని విప్పి బాగుచేద్దామని చూడకండి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

ఇక పవర్ బార్ సంగతి. మామూలు 15 ఆంపియర్ల సర్క్యూట్ మోయగలిగేది 1800 వాట్లు. అందులో 1500 వాట్ల హీటరు, కెటిల్, వైఫై డబ్బా కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది, డబ్బా కూడా ఆగిపోతుంది. అసలు హీటరును పవర్ బార్‌లో పెట్టనే కూడదు, నిప్పు ప్రమాదం.

మా అడాప్టర్ మార్చిన రాత్రి అన్న వాళ్లమ్మతో నలభై నిమిషాలు మాట్లాడాడు. మర్నాడు గదిలో ఉన్న ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి, ఏది దేనిదో పెన్నుతో రాసిపెట్టాం.