ఎఱ్ఱని బంగారము

మన వన్ టౌను కురుపాం మార్కెట్టులోని బంగారము పచ్చనిది. దానిని మిల్లీమీటరులో 25,000వ వంతు రేణువులుగాఁ జేసి నీటఁ గలిపినచో నీరు కెంపువలె నెఱ్ఱనగును. 1857లో మైకేల్ ఫారడే యీ వింతను శోధించెను. కాంతి సోఁకఁగానే రేణువులలోని యెలక్ట్రానులు ఊఁగి ఆకుపచ్చ వెలుఁగును మ్రింగుటయే యిందులకుఁ గారణము.

ఈ యెఱుపే పాడేరు మన్యమున జ్వరపీడితుల కక్కఱకు వచ్చుచున్నది. మలేరియా పరీక్షపట్టీలోని బంగారురేణువులకు, ఆ క్రిముల మాంసకృత్తును బట్టుకొను ప్రతిరక్షకములను అంటించియుందురు. నెత్తుటిచుక్కలో నా మాంసకృత్తున్నచో రేణువులు దానితోఁ గూడి పట్టీపై నొకచోటఁ జిక్కుకొనును. ఒక్క రేణువు కంటి కగపడదు. లెక్కకు మిక్కిలిగా గుమిగూడఁగా నెఱ్ఱగీత యేర్పడును. (ఆ బంగారమునకై కంసాలియొద్దకుఁ బరుగిడకుఁడు, త్రాసు కదలదు!) సూక్ష్మదర్శిని లేని పల్లెలోను అరగంటలోపల రోగము తెలియును. గీత రాకున్నను జ్వరము వీడనిచో వైద్యునిఁ జూడవలెను. క్రిములు కొలఁదిగా నున్నప్పుడు పట్టీ వానిని బసిగట్టఁజాలదు.