తెల్లబంతి ఎక్కడ ఆగుతుంది?

క్యారమ్ బోర్డు మీద కాయిన్‌ను సూటిగా కొడతాం. అది పాకెట్లో పడుతుంది. కాని ఒక్కోసారి దాని వెనకే స్ట్రైకర్ కూడా పడిపోతుంది! పెద్ద బల్ల మీద కర్రతో బంతులను కొట్టి ఆడే ‘ఎయిట్ బాల్’ ఆటలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. 1900 ప్రాంతంలో అమెరికాలో పుట్టిన ఈ ఆట ఎలా ఆడతారో, అందులో ఏ శాస్త్ర సూత్రాలు దాగి ఉన్నాయో చూద్దామా?

బల్ల, బంతులు

పోటీలలో వాడే పెద్ద బల్లపై ఆడే స్థలం పొడవు 100 అంగుళాలు, వెడల్పు 50 అంగుళాలు. దాని మీద గుడ్డ బిగించి ఉంటుంది. చుట్టూ ‘కుషన్’ అనే రబ్బరు అంచు, మొత్తం 6 పాకెట్లు ఉంటాయి. బంతులు 16. వీటిలో 1 నుంచి 7 వరకు నిండు రంగు బంతులు, 9 నుంచి 15 వరకు చారల బంతులు. 8వది నల్లబంతి. అంకె లేని తెల్లబంతిని మాత్రమే కర్రతో కొట్టాలి. మిగిలినవాటిని దానితోనే కొట్టాలి.

ఆడే తీరు

15 బంతులను త్రిభుజాకారంలో పేర్చి, నల్లబంతిని మధ్యలో ఉంచుతారు. మొదటి ఆటగాడు తెల్లబంతితో ఆ గుంపును చెదరగొడతాడు. ఆ తరువాత ఎవరు ముందుగా ఏ జట్టు బంతిని సక్రమంగా పాకెట్లో వేస్తే, ఆ జట్టు వారిది. రెండో జట్టు ఎదుటివారిది. బంతి పడినంతసేపు ఆట కొనసాగించవచ్చు. తెల్లబంతి ముందుగా తన జట్టు బంతినే తాకాలి. తెల్లబంతి పాకెట్లో పడితే తప్పు. అప్పుడు ఎదుటివారు దానిని తమకు నచ్చిన చోట పెట్టుకుని కొడతారు.

తన 7 బంతులూ అయిపోయాక, ఏ పాకెట్లో వేస్తాడో ముందే చెప్పి నల్లబంతిని వేసినవాడే విజేత. ఆట మధ్యలో నల్లబంతి తొందరపడి పాకెట్లో పడిందా, ఆట పోయినట్లే! నల్లబంతితోపాటు తెల్లబంతి కూడా పడినా ఓటమే.

దెబ్బ వెనుక సూత్రం

అందుకే మంచి ఆటగాడు రంగుబంతి ఎక్కడ పడుతుందా అని మాత్రమే కాదు, తెల్లబంతి ఎక్కడ ఆగుతుందా అని కూడా ఆలోచిస్తాడు. బంతులన్నీ దాదాపు సమాన ద్రవ్యరాశి గలవి. దొర్లకుండా జారుతూ వెళ్ళిన తెల్లబంతి నిలిచి ఉన్న బంతిని సూటిగా ఢీకొంటే, తన ద్రవ్యవేగాన్ని దాదాపు పూర్తిగా దానికి ఇచ్చేసి తాను ఆగిపోతుంది. పక్కగా తాకితే రెండు బంతులూ ఇంచుమించు లంబకోణంలో విడిపోతాయి.

మరి తెల్లబంతి దొర్లుతూ వెళ్ళి సూటిగా తాకితే? క్షణం ఆగినట్లే ఆగి, తనలో మిగిలిన భ్రమణం వల్ల మళ్ళీ ముందుకు సాగుతుంది. పాకెట్ దగ్గరలో ఉంటే అందులో పడిపోవచ్చు! దీనికి విరుగుడుగా తెల్లబంతిని మధ్యభాగానికి కిందుగా కొడతారు. అప్పుడది వెనక్కి తిరుగుతూ ముందుకు జారుతుంది. ఆ భ్రమణం మిగిలి ఉండగానే రంగుబంతిని తాకితే, గుడ్డతో కలిగే ఘర్షణ దానిని వెనక్కి లాగుతుంది. ఇలా కొట్టేటప్పుడు కర్ర మొన జారకుండా, దానికున్న తోలుబిళ్ళకు చాక్ రుద్దుతారు.

1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియాలిస్ బిలియర్డ్స్ బంతుల గణితంపై ఒక గ్రంథమే ప్రచురించాడు. తుపాను గాలులు సుడి తిరగడానికి కారణమైన ‘కొరియాలిస్ ప్రభావం’ ఈయన పేరుతోనే ప్రసిద్ధి. బంతి ఎత్తును పది భాగాలు చేస్తే, కింది నుంచి ఏడో భాగం ఎత్తున అడ్డంగా కొట్టిన బంతి జారకుండా మొదటి నుంచే దొర్లుతుందని లెక్క చెబుతుంది.

మీరే చేసి చూడండి

పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు మీద ఒక కాయిన్ ఉంచి, మరో కాయిన్‌తో సూటిగా కొట్టండి. కొట్టిన కాయిన్ దాదాపు అక్కడే ఆగుతుంది. ఇప్పుడు స్ట్రైకర్‌తో కొట్టండి. అది కాయిన్ వెనకే ముందుకు సాగుతుంది. రెండింటినీ చేతిలోకి తీసుకుని బరువు పోల్చి చూడండి. స్ట్రైకర్ ఎందుకు ఆగలేదో మీకే తెలుస్తుంది.