యుద్ధం వచ్చి తలుపు తడితే... లాడ్జి ఏమైంది?

లాడ్జి అనగానే మనకు గుర్తొచ్చేది బస్టాండు ఎదురుగా 'రూములు అద్దెకు ఇవ్వబడును' అని వెలిగే బోర్డు. కనిగిరిలో అయినా, మార్కాపురంలో అయినా అంతే. నేను చెప్పబోయే లాడ్జి అది కాదు. ఇందులో మంచాలుండవు. చేరినవాళ్లు ఒకరినొకరు 'సోదరా' అని పిలుచుకుంటారు. లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు చెప్పరు. అదే ఫ్రీమేసన్ల లాడ్జి.

ఈ మేసన్ల గుట్టుమట్ల మీద బోలెడు కథలొచ్చాయి. 'ప్రపంచాన్ని నడిపేది వీళ్లే' అనే వీడియోలు మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటాయి. వాటి జోలికి నేను పోను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఇంత పద్ధతిగా, ఇంత గుట్టుగా నడిచే సంఘం మీద యుద్ధం విరుచుకుపడితే ఏమవుతుంది? వెతికితే సమాధానం మన ఆర్కాటు నవాబుల కాలం నుంచి హిట్లర్ జైళ్ల దాకా పోయింది.

మూలమట్టం, కంపాస్

ఇంగ్లీషులో మేసన్ అంటే తాపీమేస్త్రీ. మా హనుమంతునిపాడు పక్క పల్లెల్లో వానలు మొహం చాటేస్తే మేస్త్రీపనికని బెంగళూరుకో హైదరాబాదుకో పోయేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మూలమట్టం, రసమట్టం, దారానికి వేలాడే గుండు... వీటి గురించి మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రీమేసన్ల గుర్తు కూడా అదే. ఒక మూలమట్టం, దాని మీద విప్పి పెట్టిన కంపాస్.

యూరప్‌లో పెద్ద పెద్ద చర్చిలు కట్టిన రాతిపనివాళ్ల సంఘాల నుంచి ఈ ఆచారాలు వచ్చాయంటారు. పోనుపోను రాయి ముట్టనివాళ్లూ చేరారు. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయి. వాళ్ల లెక్కలో మూలమట్టం అంటే వంకర లేని నడవడి. రసమట్టం అంటే సభలో అందరూ సమానమే అని. లోపల మతం గొడవ, రాజకీయం గొడవ ఎత్తకూడదు.

లాడ్జి నడవాలంటే కొన్ని ఉండి తీరాలి. గ్రాండ్ లాడ్జి ఇచ్చిన అనుమతి పత్రం కావాలి. ఒక మాస్టరు, ఇద్దరు వార్డెన్లు, సరిపడా సభ్యులు ఉండాలి. తలుపు బయట కత్తి పట్టుకుని ఒక కాపలాదారు నిలబడాలి. ఆయన్ని 'టైలర్' అంటారు, బట్టలు కుట్టే టైలర్ కాదు లెండి. సభ అయ్యాక అందరూ కలిసి భోంచేయాలి. ఇంతకీ లాడ్జి అంటే భవనం కాదు, ఆ మనుషుల గుంపే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన వాళ్లకీ ఇది కొత్త కాదు. వివేకానందుడు సన్యాసం తీసుకోకముందు 1884లో కలకత్తాలో మేసన్‌గా చేరాడు. హైదరాబాదు గోషామహల్లోని బారాదరి, రామదాసు కథలో వచ్చే తానీషా 1682లో కట్టించినది. 1872 నుంచి అది మేసన్ల చేతిలో ఉంది. కిప్లింగ్ 'కిమ్' నవల చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అందులో మేసన్ల భవనాన్ని జనం 'జాదూఘర్' అంటారు. తలుపు మూసి కూర్చుంటే లోపల ఏదో మంత్రం వేస్తున్నారనుకోవడం లోకం తీరు!

హైదర్ అలీ కొట్టిన దెబ్బ

మన దక్షిణాదిలో మొదటి లాడ్జి 1752లో మద్రాసులో వెలిసింది. 1770ల్లో ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. ఈ సంఘంలో చేరిన తొలి భారతీయుల్లో ఆయన పేరే ముందు చెబుతారు. ఆ తర్వాత నవాబు కూడా అయ్యాడు. మన నెల్లూరు, ఒంగోలు సీమలు 1801లో కంపెనీ చేతికి పోయేదాకా ఆ నవాబుల ఏలుబడిలోవే. అంటే ఒకప్పుడు ఈ ప్రాంతం శిస్తు పోయింది ఒక ఫ్రీమేసన్ ఖజానాకే అన్నమాట!

1780లో హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. అప్పటి మద్రాసు మేసన్లలో ఎక్కువమంది సైన్యాధికారులు, కంపెనీ ఉద్యోగులు. లాడ్జిలో కూర్చోవాల్సినవాళ్లు గుర్రమెక్కి పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఖైదయ్యారు. సభకు మనుషులు చాలక మద్రాసు మేసన్ల వ్యవహారం ఇంచుమించు ఆగిపోయింది.

దీని తర్వాత జరిగిందే అసలు విశేషం. అప్పట్లో ఇంగ్లీషు మేసన్లలో 'పాతవాళ్లు', 'కొత్తవాళ్లు' అని రెండు వర్గాలుండేవి. ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లు కాదు. యుద్ధం ముగిశాక, 1786 ప్రాంతంలో, మద్రాసులో మిగిలినవాళ్లంతా ఆ పేచీ పక్కనపెట్టి ఒకటయ్యారు. ఆ ఐక్యతకు గుర్తుగా వచ్చిన లాడ్జి పేరు 'పర్ఫెక్ట్ యునానిమిటీ', అంటే సంపూర్ణ ఏకాభిప్రాయం. ఇంగ్లండులో ఆ రెండు వర్గాలు కలవడానికి 1813 దాకా పట్టింది. పెద్దన్నల కంటే పాతికేళ్లు ముందే మద్రాసువాళ్లు రాజీపడ్డారు. పదిమందే మిగిలినప్పుడు అందులో రెండు ముఠాలేంటి అనిపించి ఉంటుంది మరి!

పెట్టెలో లాడ్జి

సిపాయిలు ఎప్పుడూ ఒకచోట ఉండరు కదా, అందుకు మేసన్లు ఒక ఉపాయం కనిపెట్టారు. 1732 నుంచి రెజిమెంట్లకే అనుమతి పత్రాలివ్వడం మొదలైంది. పత్రం, సామాగ్రి ఒక పెట్టెలో పెట్టుకుని రెజిమెంటు ఎటు పోతే లాడ్జి అటు పోయేది. మన దేశంలో మేసన్ల సంఘం అన్ని కంటోన్మెంట్లకు పాకడానికి ఈ పెట్టెలూ ఒక కారణం.

ఆ పెట్టె శత్రువు చేతిలో పడితే? అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ 46వ రెజిమెంటు లాడ్జి పెట్టె అమెరికన్లకు దొరికిందట. వాళ్ల సేనాని జార్జి వాషింగ్టన్ కూడా మేసనే. ఆయన గౌరవంగా సైనికుల కాపలా పెట్టి మరీ దాన్ని తిప్పి పంపించాడని మేసన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సోదరులే, కానీ శత్రువులు

అన్నిసార్లూ అంత ఉదారంగా జరగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 జూన్‌లో, ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి ఒక తీర్మానం చేసింది. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, టర్కీల్లో పుట్టిన మేసన్లు యుద్ధం అయ్యేదాకా సభలకు రాకూడదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని భోంచేసినవాళ్లు, ఇంగ్లండులోనే స్థిరపడినవాళ్లు, పుట్టిన ఊరు వేరే అయినందుకు గడప బయట ఆగిపోయారు. 'అందరూ సమానం' అని చెప్పే రసమట్టం ఆ రోజు పక్కకు ఒరిగింది. ఆ యుద్ధంలో చనిపోయిన 3,225 మంది మేసన్ల జ్ఞాపకార్థం లండన్‌లో కట్టిన భవనం 1933లో పూర్తయింది. ఆరేళ్లు తిరిగేసరికి రెండో యుద్ధం వచ్చిపడింది.

1939 సెప్టెంబరులో ఇంగ్లండులో సభలన్నీ ఆపేయమన్నారు. కొన్ని వారాల్లోనే మళ్లీ మొదలుపెట్టనిచ్చారు. అయితే రాత్రిపూట దీపాలార్పేసే రోజులు. రాత్రి సభలు కాస్తా పగటిపూటకు వచ్చాయి. రేషన్ దెబ్బకు విందు భోజనం నాలుగు ముద్దలయింది. 1942 ఆగస్టు 25న గ్రాండ్ మాస్టరు కెంట్ డ్యూక్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అయినా లాడ్జీలు ఆగలేదు.

బాంబుల ఏడాది

1942 అంటే మన కోస్తా పెద్దవాళ్లకు బాంబుల ఏడాదే. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. అదే నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది. హైకోర్టు కోయంబత్తూరు పోయింది. బాంబులు పడితే బోన్లు పగిలి ఊరి మీద పడతాయని మద్రాసు జూలో పులుల్ని, సింహాల్ని కాల్చేశారు. పట్నంలో కొట్లో గుమాస్తాగా ఉన్న బంధువులు పెళ్లాం బిడ్డల్ని తీసుకుని చెప్పాపెట్టకుండా మా ఇంట్లో దిగారని మా అవ్వ చెప్పేది. 'మా ఊరికి వాన చుక్కే రాదు, జపానోడి బాంబేం వస్తుంది' అని ఆవిడే వాళ్లకు ధైర్యం చెప్పిందట.

రేవు పట్టణాల లాడ్జీల్లో ఉండేది ఎవరు? రేవు అధికారులు, రైల్వేవాళ్లు, కంపెనీ దొరలు, వకీళ్లు, సైన్యాధికారులు. సైరన్ మోగితే ముందు డ్యూటీకి పరిగెత్తాల్సింది వీళ్లే. ఇక లాడ్జికెవరు వస్తారు?

రంగూన్ సంగతి ఇంకా ఘోరం. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి చిక్కింది. బర్మావాళ్లు 'కోరంగీలు' అని పిలిచే మన తెలుగు కూలీలు వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో ఎంతమంది రాలిపోయారో! ఆ ఊళ్లో దొరల లాడ్జీలూ మూతబడ్డాయి, కూలీల బస్తీలూ ఖాళీ అయ్యాయి. అంతవరకూ ఎప్పుడూ కలవని ఆ రెండు లోకాలనూ ఒకే రోడ్డెక్కించింది యుద్ధం.

ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయినప్పుడు వేలమంది బ్రిటిష్, ఆస్ట్రేలియన్ సైనికులు చాంగీలో ఖైదీలయ్యారు. వాళ్లలో మేసన్లు ఒకరినొకరు గుర్తుపట్టి రహస్యంగా కలుసుకునేవాళ్లు. చెత్తలో దొరికిన రేకుముక్కలు, చెక్కముక్కలతో లాడ్జి గుర్తులు చేసుకున్నారు. పత్రం లేదు, భవనం లేదు, విందు అసలే లేదు. రోజుకింత గంజి దొరికితే గొప్ప.

కాపలాకు ఫాదరీ

యూరప్‌లో హిట్లర్ మేసన్లను యూదుల తొత్తులన్నాడు. 1935కల్లా జర్మనీలో లాడ్జీలన్నీ మూయించాడు. ఆక్రమించిన ప్రతి దేశంలోనూ అదే పని. ఇంగ్లీషు కాలువలోని జెర్సీ దీవిలో 1941 జనవరిలో మేసన్ల భవనాన్ని దోచి, సామానంతా 'చూడండి వీళ్ల కుట్ర' అని ప్రదర్శన పెట్టడానికి బెర్లిన్ పంపారు. అదే ఏడాది బెల్‌గ్రేడ్‌లోనూ అలాంటి ప్రదర్శనే పెట్టారు. నెదర్లాండ్స్ గ్రాండ్ మాస్టరు హెర్మానస్ వాన్ టోంగెరెన్‌ను పట్టుకెళ్లి సాక్సెన్‌హౌసెన్ క్యాంపులో వేశారు. 1941 మార్చిలో ఆయన అక్కడే కన్నుమూశాడు. అంతకుముందు యుద్ధాలు లాడ్జి నుంచి మనుషుల్ని లాక్కుపోయాయి. ఈసారి మేసన్ అని పేరుంటే చాలు, అదే నేరమైంది.

1943 నవంబరు 15న జర్మనీలోని ఎస్టర్‌వేగెన్ క్యాంపులో, 6వ నంబరు షెడ్డులో, ఏడుగురు బెల్జియన్ ఖైదీలు కలిసి ఒక లాడ్జి పెట్టుకున్నారు. పేరు 'లిబెర్తే షెరీ', అంటే ప్రియమైన స్వేచ్ఛ. మాస్టరు పాల్ హాన్సన్, వృత్తిరీత్యా జడ్జి. తూటాలు ఏరి వేరుచేసే పనికి వాడే బల్లే వాళ్ల సభాస్థలం.

ఆ షెడ్డులో కత్తి పట్టుకున్న టైలర్ ఎక్కడుంటాడు? తలుపు దగ్గర కాపలా నిలబడింది ఒక కాథలిక్ ఫాదరీ. మేసన్లలో చేరడం పాపమని పోపు ఆజ్ఞ వచ్చింది 1738లో. రెండు వందల ఏళ్లు దాటిన ఆ వైరాన్ని పక్కనపెట్టి, దొరికితే తన ప్రాణం కూడా పోతుందని తెలిసీ ఆయన కాపలా కాశాడు. లోపల వాళ్లేం మాట్లాడుకున్నారనుకుంటున్నారు? బెల్జియం భవిష్యత్తు గురించి. ఇంకో సభలో మేసన్లలో ఆడవాళ్ల స్థానం గురించి! రేపు బతుకుతామో లేదో తెలియనివాళ్లు రేపటి న్యాయం గురించి వాదించుకున్నారు.

హాన్సన్ 1944 మార్చిలో ఎసెన్ జైల్లో ఉండగా మిత్రరాజ్యాల బాంబుకే బలయ్యాడు. వాళ్లలో ఖైదు నుంచి ప్రాణాలతో బయటపడింది లూక్ సోమర్‌హౌసెన్, ఫెర్నాండ్ ఎరావ్ ఇద్దరే. ఎరావ్‌ను మేసన్‌గా చేర్చుకుంది ఆ షెడ్డులోనే. 2004లో ఆ క్యాంపు దగ్గర వాళ్లకొక స్మారకం కట్టారు.

మనకేంటి దీంతో?

ఫ్రీమేసన్లను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పట్లేదు. మన దేశంలో చాలాకాలం అది దొరల, జమీందార్ల క్లబ్బే. ఎక్కువ లాడ్జీల్లో ఈనాటికీ ఆడవాళ్లను చేర్చుకోరు. 1961లో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా వచ్చాక పగ్గాలు మన చేతికొచ్చాయి. అయినా మామూలు జనానికి అది ఇంకా మూసిన తలుపే.

కానీ ఈ కథలో మనక్కూడా ఒక సంగతుంది. మా పడమటి ప్రకాశం పల్లెల్లో ఏ భజన బృందాన్నైనా అడగండి. హార్మోనియం ఉంటుంది, మందిరం ఉంటుంది, వాయించేవాడు బెంగళూరులో ఉంటాడు. కోవిడ్ ఏడాది మందిరానికి తాళం పడితే మళ్లీ తీయని ఊళ్లున్నాయి. నిధులొస్తే భవనాలు లేస్తాయి. మనుషులు కూడకపోతే అవి గోడలే. ఎస్టర్‌వేగెన్‌లో గోడలు కూడా శత్రువువే, అయినా లాడ్జి నడిచింది. ఏడుగురు ఒక బల్ల చుట్టూ చేరారు, వాళ్ల నమ్మకం తనది కాకపోయినా ఒక మనిషి గుమ్మంలో కాపలా కాశాడు. మీ ఊళ్లోనూ తాళం పడిన మందిరమో, మూతబడిన గ్రంథాలయమో, నిలిచిపోయిన నాటక సమాజమో ఉండే ఉంటుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ముందు కావాల్సింది గ్రాంటు కాదు, ఆ నలుగురు మనుషులే.