కుక్కలకు వెంట్రుకలు రాలుట: పురుగుమందు దీనికి మందు కాదు

పొలమును, దొడ్డిని, గొఱ్ఱెల మందను కాచు కుక్కకు వెంట్రుకలు రాలి చర్మము పుండ్లు పడినచో, పైరుకు చల్లగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి దానిపై పోయుట కొందరి అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము.

మిరపలో పై ముడత తామర పురుగుల వలనను, కింది ముడత నల్లి వలనను వచ్చునని రైతు లెఱుగుదురు. రెంటికిని మందు ఒకటి కాదు. కుక్క విషయమును అట్టిదే. ముందు కారణము తెలిసికొనవలెను.

కారణములు

గజ్జి: కంటికి కానరాని నల్లి జాతి పురుగు చర్మములో సొరంగములు చేసి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పెరిగి పెద్ద పురుగులగుటకు సుమారు 3 వారములు పట్టును. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట ముందుగా దెబ్బతినును. దురద విపరీతము. ఇది ఇతర కుక్కలకు అంటును. దానితో ఆడుకొను పిల్లలకును దద్దురులు లేవవచ్చును.

వెంట్రుక కుదుళ్ళ గజ్జి: ఇది వేఱొక నల్లి. తల్లి నుండి పాలు త్రాగు పిల్లలకు వచ్చును. కళ్ళ చుట్టు, మూతిపై, ముందుకాళ్ళపై వెంట్రుకలు ఊడును. మొదట దురద తక్కువ. మనుష్యులకు అంటదు.

తామర: ఇది శిలీంధ్రము వలన వచ్చును. వెంట్రుకలు గుండ్రని మచ్చలుగా రాలును. మనుష్యులకు కూడ అంటును.

ఇవి గాక పిడుదులు, గోమార్లు, పేలు కుట్టుట వలనను కుక్క గోకికొని బొచ్చు పోగొట్టుకొనును.

చేయరానివి

పుండు పడిన చర్మము గుండా విషము త్వరగా ఒంటికెక్కును. పైగా కుక్క తన ఒళ్ళు తానే నాకును. చొంగ కార్చుట, వణకుట, ఊపిరాడకపోవుట విష లక్షణములు. పొరపాటున మందు పడినచో, చేతి తొడుగులు ధరించి సబ్బుతో బాగుగా కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. పూర్వము పశువుల ఒంటికి రుద్దిన బి.హెచ్.సి. పొడి మన దేశములో 1997లోనే నిషేధింపబడినది. కిరసనాయిలు, వాడిన ఇంజనాయిలు కూడ పూయరాదు. పశువులకు వాడు ఐవర్‌మెక్టిన్‌ను అంచనా మీద ఇయ్యరాదు. కోలీ వంటి కొన్ని జాతులకు అది ప్రాణాంతకము.

చేయవలసినవి

పశువైద్యశాలలో చర్మమును గీకి సూక్ష్మదర్శినిలో చూచినచో పురుగు తెలియును. బరువును బట్టి వైద్యుడు మందు నిర్ణయించును. గ్రుడ్లు మిగిలియుండును గనుక, దురద తగ్గినదని నడుమ మానక, చెప్పినన్ని మార్లు వాడవలెను. గజ్జి అయినచో ఇంటిలోని కుక్కలన్నిటికిని ఒకేసారి వైద్యము చేయించవలెను. పడుకొను గోనెను కాల్చి, గుడ్డలను వేడినీటిలో ఉతికి ఎండవేయవలెను.

గజ్జి కుక్కను ఊరి వెలుపలకు తఱిమినందువలన రోగము పోదు; మఱియొక ఊరికి చేరును. గ్రామాధికారులు ఈ సంగతి ప్రజలకు తెలియజెప్పి, అట్టి కుక్కలకు వైద్యము జరుగునట్లు చూడవలెను. పురుగుమందు పైరు కొఱకే. ఇంటి కాపలాదారు కొఱకు కాదు.