నోరున్న పిల్ల

2023 సెప్టెంబర్‌లో సినిమా విడుదలైనప్పటి నుంచి బాన్సువాడ పెళ్లి బరాత్‌లలో డీజే బండి మీద ‘జవాన్’ టైటిల్ పాట మోగుతూనే ఉంది. అనిరుధ్ కోసమో షారుఖ్ కోసమో కుర్రాళ్లు దాన్ని అడిగి పెట్టించుకుంటారు. ఆ పాటలో ఒకచోట ఆడగొంతు ఒకటి దూసుకొస్తుంది. ఊపిరి తీసుకునే సందైనా ఇవ్వని ఇంగ్లిష్ ర్యాప్ అది. ఎవరో అమెరికా గాయని అనుకుని వదిలేస్తారు చాలామంది. అమెరికా గాయనే, కానీ ఆమె ఇంటిపేరు ఎల్లాప్రగడ.

పూర్తి పేరు శ్వేతా ఎల్లాప్రగడ రావు. ఆ ఇంటిపేరు వింటే మనకు ముందు గుర్తొచ్చేది దాదాపు వందేళ్ల కిందట అమెరికా వెళ్లి మందుల పరిశోధనలో చరిత్ర సృష్టించిన సుబ్బారావు. ఈమె అక్కడే, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో, 1986 జనవరి 11న తెలుగు తల్లిదండ్రులకు పుట్టింది. మొదట్లో ‘ఇండియన్ ప్రిన్సెస్’ అని పెట్టుకున్న పేరునే తర్వాత మన మాటలోకి తిప్పి రాజా కుమారి అయింది.

ఎక్కువగా మాట్లాడే ఆడపిల్లను మన ఊళ్లలో ‘నోరున్న పిల్ల’ అంటారు. అది మెచ్చుకోలు కాదు. నలుగురిలో నవ్వితే తప్పు, ఎదురు చెబితే మరీ తప్పు. అదే పిల్ల నాట్ల మడిలో పాట ఎత్తుకుంటే మాత్రం ఎవరూ కాదనరు. నిజాంసాగర్ కాలువ కింద వరి నాట్లప్పుడు ఒకామె అందుకుంటుంది, వంగిన నడుములన్నీ బదులు పలుకుతాయి. అత్త మీద కోపమైనా, దొర మీద కసి అయినా, పట్నం పోయిన మొగుడి మీద బెంగ అయినా పాటలో పడితే చెల్లిపోతుంది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ అప్పటికప్పుడు చరణం కట్టే అమ్మలకు చదువు రాకపోవచ్చు, తాళం మాత్రం తప్పదు. రాజా కుమారి దగ్గర ఉన్నదీ ఈ సరుకే. కాకపోతే ఆమెకు అది నాట్యం క్లాసులో దొరికింది.

చిన్నప్పటి నుంచి కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. నాట్యం నేర్చే పిల్లకు కాళ్లకంటే ముందు నాలుక తిరగాలి. జతిని నోటితో పలకడం వస్తేనే పాదం దాన్ని పట్టుకుంటుంది. చేత్తో నాలుగు దెబ్బలు వేసి చూడండి. దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున ‘తకధిమి’ అంటే పదహారు అక్షరాలు, అది చతురశ్రం. దెబ్బ వేగం మార్చకుండా ‘తకిట’ అంటే పన్నెండు, అది తిశ్రం. ‘తకతకిట’ అంటే ఇరవై, ఖండం. ఇప్పుడు ఏ ర్యాప్ పాటైనా విని చేత్తో లెక్క వేయండి. వరుసకు నాలుగు దెబ్బలు, వాటి మీద పదహారు అక్షరాల దాకా. ఒక్కోసారి ఉన్నట్టుండి నడక మారి దెబ్బకు మూడేసి అక్షరాలు పడతాయి. అమెరికా కుర్రాళ్లు ట్రిప్లెట్ అని మురిసిపోయే ఆ నడక మన నట్టువాంగంలో రోజువారీ పాఠం. తన ర్యాప్‌కు మూలం ఈ జతులేనని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. పాట మధ్యలో ఇంగ్లిష్ ఆపి జతి పలికినా ఎక్కడా అతుకు కనిపించదు. అలంకారం కోసం తగిలించిన ముక్క అయితే తెలిసిపోయేది.

1996లో ఫ్యూజీస్ బృందం ‘ది స్కోర్’ ఆల్బమ్ వచ్చింది. అందులో లారిన్ హిల్ పాడుతుంది, పాడుతూనే ర్యాప్ చేస్తుంది. పదేళ్ల వయసులో ఆ ఆల్బమ్ విన్న శ్వేతకు దారి కనిపించింది. ఆ తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ క్యాంపస్‌లో దక్షిణాసియా మతాల మీద దృష్టి పెట్టి మత అధ్యయనంలో డిగ్రీ చేసింది. ఆమె పాటల్లో దేవతల పేర్లు నోటికొచ్చి పడినవి కావని అందుకే అనిపిస్తుంది.

పేరు రాకముందు ఆమె ఇతరులకు పాటలు రాసింది. ఇగ్గీ అజేలియా పాడిన ‘చేంజ్ యువర్ లైఫ్’ రచయితల్లో ఆమె ఒకరు. ఆ పాట ఉన్న ‘ది న్యూ క్లాసిక్’ ఆల్బమ్ గ్రామీ పోటీకి వెళ్లింది. 2014లో వచ్చిన ఫాల్ అవుట్ బాయ్ బృందం పాట ‘సెంచరీస్’ అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి పదిలో నిలిచింది. దాని రచనలోనూ చేయి వేసినందుకు 2016లో బీఎంఐ పాప్ అవార్డు అందుకుంది. స్టేడియాల్లో వేలమంది గొంతు కలిపే పాట వెనక ఒక తెలుగమ్మాయి ఉందని వాళ్లలో ఎందరికి తెలుసు?

2016లో ‘ది కమ్ అప్’తో సొంత గొంతు వినిపించింది. మరుసటి ఏడాది ముంబై ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ చేశాక భారతదేశం ఆమె వైపు చూసింది. 2019లో ‘బ్లడ్‌లైన్’ వచ్చింది. అదే ఏడాది ఎంటీవీ ‘హసల్’ మొదటి సీజన్‌లో రఫ్తార్, న్యూక్లియాలతో పాటు న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన మగపిల్లల ర్యాప్‌ను ఒక ఆడమనిషి తూచి చెప్పడం టీవీలో చూడటం బాగుంది. తర్వాత పెద్ద కంపెనీ నీడ వదిలి ‘గాడ్‌మదర్ రికార్డ్స్’ అని సొంత లేబుల్ పెట్టుకుంది. 2022లో ‘మేడ్ ఇన్ ఇండియా’ వీడియోలో మాధురీ దీక్షిత్ ఆమె పక్కన నిలిచింది. 2023లో ‘ది బ్రిడ్జ్’ ఆల్బమ్ వచ్చింది.

2020లో వచ్చిన ‘ఎన్ఆర్ఐ’ పాట దగ్గర బాన్సువాడ ఒక్క క్షణం ఆగి వినాలి. అక్కడ ఇండియన్ అంటారు, ఇక్కడికొస్తే అమెరికన్ అంటారు, మరి నేనెవరిని అని ఆ పాట గొడవ. ఈ ప్రాంతంలో గల్ఫ్ మొహం చూడని వాడకట్టు అరుదు. దుబాయ్‌లో పదేళ్లు చేసి వచ్చిన మనిషిని ఊళ్లో ‘దుబాయాయన’ అంటారు, దుబాయ్‌లో ఎన్నేళ్లున్నా పరాయివాడే. కాలిఫోర్నియా బాధ, గల్ఫ్ బాధ ఒకటి కావు. కానీ రెండు చోట్లా లెక్కలోకి రాని మనిషి అవస్థ ఒకటే.

ఇలా రెండు ఊళ్ల మధ్య నలిగే నోరున్న పిల్లల ఊరు అసలు లండన్ అనాలి. వలస వచ్చిన ఇళ్ల నుంచి అక్కడ ర్యాప్ పుట్టింది. 2002లో మిస్ డైనమైట్, 2022లో లిటిల్ సిమ్జ్ అక్కడి మెర్క్యురీ సంగీత బహుమతి గెలిచారు. జాఫ్నాలో బాల్యం గడిపి శరణార్థిగా లండన్ తిరిగొచ్చిన ర్యాపర్ ఎం.ఐ.ఎ., ఏ.ఆర్. రెహమాన్‌తో కలిసి ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ పాటకు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఇంకొకరు స్టెఫ్లాన్ డాన్. బర్మింగ్‌హామ్‌లో జమైకా తల్లిదండ్రులకు పుట్టి, నెదర్లాండ్స్‌లో పెరిగి, లండన్ చేరింది. 2017లో ‘హర్టిన్ మీ’తో బ్రిటన్ జాబితాలో మొదటి పదిలోకి వచ్చింది. పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలాతోనూ కలిసి పాడింది.

2024 నవంబర్‌లో ఈ స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కో, మన రాజా కుమారి కలిసి ‘రెనగేడ్’ పాడారు. ‘ఆర్కేన్’ యానిమేషన్ సిరీస్ రెండో సీజన్ కోసం చేసిన పాట అది. మూడు గొంతులూ వలస ఇళ్లవే. ఎవరి ఉచ్చారణను ఎవరూ సర్దుకోలేదు, దేని యాస దానికే ఉంది. రాజా కుమారి వంతు వచ్చేసరికి ఆ నడకలో గజ్జెల లెక్క వినిపిస్తుంది.

2025 మే 26 సాయంత్రం లాస్ వేగస్‌లో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల వేడుక జరిగింది. అభిమాన సౌండ్‌ట్రాక్‌గా ‘ఆర్కేన్’ రెండో సీజన్ గెలిచింది. అప్పటికి మన దగ్గర మే 27 తెల్లవారింది. రోహిణి కార్తె వచ్చి రెండు రోజులు. నిజాంసాగర్ ఆయకట్టులో నారుమళ్లు దున్నుకునే వేళ. పాట ఎత్తుకునే ఆడవాళ్లు మడిలోకి దిగడానికి ఇంకా నెల ఉంది.